నున్నటి తోలు కింద ఎముకల చొక్కా

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు హనుమకొండలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు మిమ్మల్నే ఒక మాట అడుగుతా. మన ఇండ్ల చుట్టూ తిరిగేవాటిలో గోడ మీద బల్లి ఉంటుంది, కంచె మీద తొండ ఉంటుంది, కట్టెల మోపు కింద నలికండ్ల పాము ఉంటుంది. ఈ మూడింటిలో తోలు లోపల ఎముకల కవచం దేనికుంది?

తొండకు అని చాలామంది అంటున్నారు. మెడ మీద, వీపు మీద రంపం పండ్ల లెక్క ముండ్లు కనిపిస్తాయి కాబట్టి అట్లా అనుకోవడం సహజమే. బల్లి అని అక్కడెవరో అన్నారు. నలికండ్ల పాము పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. జవాబు అదే. నీళ్లలో తడిపి తీసినట్టు నిగనిగలాడుతూ, చేతికి నున్నగా తగిలే ఆ తోలు కిందనే ఎముక పలకలు పేర్చి ఉంటాయి.

పాము అని పేరేగాని అది పాము కాదు. నాలుగు కాళ్లున్న బల్లి జాతి ప్రాణి. దానికి విషం లేదు. మాది పరకాల దగ్గర పల్లె. చిన్నప్పుడు పొయ్యికి కట్టెలు తీస్తుంటే ఒకటి నా చేతి పక్క నుంచి సర్రున పోయింది. "బిడ్డా, దాని జోలికి పోకు, కరిస్తే మనిషి దక్కడు" అంటూ మా బాపమ్మ చీపురు పట్టుకొని ఉరికొచ్చింది. ఆమెను నేను తప్పు పట్టను. ఆమెకు వాళ్ల అమ్మ అట్లనే చెప్పింది. కానీ ఆ ఒక్క భయానికి మా వాడలో ఎన్ని నలికండ్ల పాములు చీపురు కింద, రాయి కింద చచ్చాయో లెక్క లేదు. ఎవరికీ ఏ హానీ చేయని ప్రాణి అది. పురుగుల్ని, చెదల్ని తిని బతుకుతుంది.

పరిశోధనలో చేరిన కొత్తలో ములుగు రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన నలికండ్ల పాము కనిపించింది. తల నలిగిపోయింది, నడుము బాగానే ఉంది. అటవీ శాఖ అనుమతి పత్రం చేతిలో ఉంది కాబట్టి డబ్బాలో పెట్టుకొని ల్యాబుకు తెచ్చుకున్నా. కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్‌లో ఉంచి, వీపు తోలు ఒక ముక్క వేరు చేసి, పలుచటి పొటాషియం హైడ్రాక్సైడ్ నీళ్లలో వేశా. అందులో నానితే మెత్తటి భాగమంతా మెల్లగా గాజు లెక్క తేటపడుతుంది. తర్వాత అలిజరిన్ రెడ్ అనే రంగు కలపాలి. ఆ రంగు కాల్షియం ఉన్నచోటనే పట్టుకుంటుంది, మిగతా చోట నిలవదు. ఎముకలు చూడటానికి జంతుశాస్త్రంలో ఇది పాత పద్ధతే. చివరికి గ్లిజరిన్‌లోకి మార్చి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా. పాత ఇంటి కప్పు మీద గూన పెంకులు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు, ఎర్రటి పలకలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. పొలుసుకొక పలక ఉంటుందని నేననుకున్నా. దగ్గరికి జరిపి చూస్తే ఒక్కో పొలుసు కిందా చిన్న చిన్న ముక్కలు పక్కపక్కన చేరి ఒక పలక అయినాయి. ముక్కకూ ముక్కకూ నడుమ వెంట్రుక మందం గీత. అందుకే ఒంటి నిండా ఎముక తొడుక్కొని కూడా అది పాము లెక్క మెలికలు తిరగగలుగుతుంది.

అదే వారంలో ఒక చచ్చిన తొండ తోలుకూ ఆ రంగే పట్టించా. ఎక్కడా ఎరుపు కనిపించలేదు. దాని ముండ్లు కెరటిన్, అంటే మన గోళ్లు, వెంట్రుకలు ఏ పదార్థమో అదే. కింద ఎముక లేదు. చిన్నప్పటి నుంచి మనం చూసి భయపడే ముండ్ల తొండకు ఎముక కవచం లేదు, చీపురుతో కొట్టి చంపే నున్నటి ప్రాణికి ఉంది. ఈ తారుమారే నన్ను పట్టుకుంది.

తోలులో పెరిగే ఈ ఎముక పలకను ఆస్టియోడెర్మ్ అంటారు. వెన్నెముకకో పక్కటెముకకో అంటుకొని ఉండదు, తోలులోనే పుట్టి తోలులోనే పెరుగుతుంది. మంథని దిక్కు శివ్వారం అభయారణ్యంలో మొసలి ఒడ్డున ఎండకు పడుకున్నప్పుడు వీపు మీద గడ్డలు గడ్డలుగా కనిపిస్తాయి కదా, ఆ గడ్డల కిందున్నవి ఇవే. ఆసిఫాబాద్ జిల్లా మలేరి ఊరి పేరు మీద మలేరి శిలలు అని ఉన్నాయి. సుమారు 22 కోట్ల ఏండ్ల నాటివి. వాటిలో దొరికిన పారాసూకస్ అనే మొసలి లాంటి ప్రాణికి కూడా వీపు మీద ఇట్లాంటి పలకలే. ఎముకను తోలులోకి తెచ్చుకోవడం అనేది జంతువుల చరిత్రలో ఒక్కసారి జరిగింది కాదు. వేర్వేరు వంశాలు వేర్వేరు కాలాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఈ పని చేశాయి. బల్లుల్లోనే పలుమార్లు జరిగింది.

మరి ఎందుకు? రక్షణకు అని మీ నోట్లో మాట సిద్ధంగా ఉంది. నాక్కూడా ఉండేది. నా అంశం గురించి మొదటిసారి చెప్పినప్పుడు ఒక పెద్దాయన, "కవచం రక్షణకే కదమ్మా, జవాబు తెలిసిన ప్రశ్నకు పీహెచ్‌డీ ఎందుకు?" అన్నారు. బాధనిపించింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆయన మాటలోనే నా పరిశోధనకు దారి దొరికింది. రక్షణకు అంటే, ఎవరి నుంచి? ఎప్పుడు? అది లేని బల్లి బతకడం లేదా? మన బల్లి, మన తొండ అది లేకుండానే ఊరంతా నిండి ఉన్నాయి కదా. ఎముక పెంచుకోవడానికి కాల్షియం కావాలి, మోయడానికి బలం కావాలి. ఉత్త పుణ్యానికి ఏ ప్రాణీ అంత ఖర్చు పెట్టుకోదు.

ఈ ప్రశ్నలను చాలా ఏండ్లుగా ఓపికగా అడుగుతున్న చోటు దక్షిణాఫ్రికా. అక్కడ స్టెల్లెన్‌బోష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కార్డిలిడే అనే బల్లుల కుటుంబం మీద పనిచేశారు. ఆఫ్రికాలో తప్ప ఇంకెక్కడా లేని కుటుంబం, సుమారు 70 జాతులు. వాటిలో కొన్నిటికి ఒళ్లంతా ముండ్లూ ఎముక పలకలే, కొన్నిటికి దాదాపు ఏమీ ఉండదు. ఒకే కుటుంబంలో ఇంత తేడా ఉంటే పరిశోధకుడికి అంతకన్నా ఏం కావాలి?

ఈ తెర మీదున్నది ఆర్మడిల్లో బల్లి. శాస్త్రీయ నామం ఊరోబోరస్ కాటాఫ్రాక్టస్. కాటాఫ్రాక్టస్ అంటే కవచం తొడుక్కున్నది. ఊరోబోరస్ అంటే తన తోకను తానే మింగే పాము, పాత కాలపు బొమ్మల్లో ఉంటుంది. 2011లో దీన్ని విడదీసి కొత్త ప్రజాతిగా పెట్టినప్పుడు ఆ పేరు ఎంచుకున్నారు, ఎందుకంటే ఇది చేసే పని అదే. భయపడితే తోకను నోట్లో కరిచి పట్టుకొని చుట్ట చుట్టుకుంటుంది. వీపు మీద ముండ్లు బయటికి, మెత్తటి పొట్ట లోపలికి. మనిషి చేతిలో పట్టేంత ప్రాణి. తల నుంచి తోక మొదలు దాకా 10 సెంటీమీటర్లు, అంతే.

ఇట్లా చుట్టుకునే జంతువు మన అడవిలో కూడా ఉంది. అవును, అలుగు. అలుగు పెంకులు ఎముక కావు, కెరటిన్. ఆర్మడిల్లో బల్లికీ అలుగుకూ ఏ చుట్టరికమూ లేదు, ఒకటి సరీసృపం, ఒకటి పాలిచ్చే జంతువు. అయినా రెండూ కవచం వేసుకున్నాయి, రెండూ చుట్టుకుంటాయి. ఇంకో పోలిక ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చేది. రెండూ చెదలు తింటాయి.

ఇక్కడ కాసేపు ఆగుతా, ఎందుకంటే మొత్తం కథకు కీలు ఇక్కడే ఉంది. ఆర్మడిల్లో బల్లి బండ నెర్రెల్లో ఉంటుంది. ఒక నెర్రెలో రెండు నుంచి ఆరు దాకా, కొన్నిచోట్ల అంతకన్నా చాలా ఎక్కువ, గుంపుగా ఉంటాయి. నెర్రెలోకి దూరి ఒళ్లు బిగబట్టుకుంటే ముంగిస కూడా లాగలేదు. అంటే ఇంట్లో ఉన్నంతసేపు దానికి కవచంతో పెద్ద పనే లేదు, బండే కవచం. మరి తిండి? దానికి ముఖ్యమైన తిండి చెదలు. అవి బండ దగ్గర దొరకవు. చెదలు గడ్డీ పుల్లా ఏరుకోవడానికి నేల మీదికి వచ్చే రంధ్రాలు బండకు దూరంగా, ఖాళీ జాగాలో ఉంటాయి. బల్లి అంత దూరం నడిచి పోవాలి, అక్కడ నిలబడి తినాలి, మళ్లీ రావాలి. పైన డేగ, పక్కన ముంగిస, దాక్కోవడానికి పొద కూడా లేదు. ఆ నడిమి దూరం కోసమే ఈ ఎముకల చొక్కా అని అక్కడి శాస్త్రవేత్తల ఆలోచన. కవచం అసలు పని ఇంటికీ తిండికీ మధ్య ఉన్న దారి మీద.

మా పొలంకాడ కూలికి పోయే అక్కలు ఎండకు తలకు తువ్వాల చుట్టుకొని పోతారు. ఇంట్లో కూర్చునేటోళ్లకు ఆ తువ్వాల ఎందుకో అర్థం కాదు. ప్రాణి తిండి దారి చూడకుండా దాని ఒంటిని అర్థం చేసుకోలేం.

దీనికి కట్టాల్సిన ధర కూడా ఉంది. కవచం బరువైన కార్డిలిడ్ బల్లులు మెల్లగా ఉరుకుతాయని, అందుకే ఎక్కువసేపు నెర్రెకు దగ్గరగానే మసులుకుంటాయని 2002లో అచ్చయిన అధ్యయనం చూపించింది. అదే కుటుంబంలో ప్లాటిసారస్ అనే ప్రజాతి ఉంది. అది పూర్తిగా ఎదురు దారి పట్టింది. ఒళ్లు రొట్టె లెక్క చదును, కవచం బాగా తగ్గిపోయింది, మెరుపు లెక్క ఉరికి సన్నటి సందులోకి జారుకుంటుంది. బరువు మోస్తావా, ఉరుకుతావా? రెండూ కావాలంటే కుదరదు.

సరే, ఇవన్నీ వినడానికి బాగున్నాయి. రుజువు ఎట్లా? విద్యార్థులు ఇది జాగ్రత్తగా వినాలి. ఒక ఇంట్లో అయిదుగురు అన్నదమ్ములు పొడుగ్గా ఉన్నారు, అయిదుగురూ జొన్న రొట్టె తింటారు. జొన్న రొట్టె తింటే పొడుగవుతారని చెప్పొచ్చా? చెప్పలేం, వాళ్ల నాయన పొడుగు. అయిదు సాక్ష్యాలు కావవి, ఒకటే సాక్ష్యం. బల్లుల్లో కూడా అంతే. చుట్టాలైన జాతులను విడివిడిగా లెక్కబెడితే మోసపోతాం. ముందు డీఎన్‌ఏతో వంశవృక్షం గీయాలి. ఆ చెట్టు మీద ఏ కొమ్మన ముండ్లు పెరిగాయి, ఏ కొమ్మన తగ్గాయి, అదే కొమ్మన వాతావరణం, చుట్టూ ఉన్న పొదలు, శత్రువులు ఎట్లా ఉన్నాయో జతపరచి చూడాలి.

ఈ బల్లుల కుటుంబం మీద పరిశోధకులు ఇదే చేశారు. చాటు తక్కువై, వేటాడే జంతువులు ఎక్కువైన చోట ముండ్లు పెరిగాయని తేలింది. అక్కడితో ఆగలేదు. ముంగిస కాటు బలం ఎంత, ఈ తోలు ఎంత బలానికి ఆగుతుంది అని కొలిచారు. చాలా జాతుల తోలు ముంగిస పంటికి ఆగదు! ఆగింది ఆర్మడిల్లో బల్లి తోలు. అంటే, ఎముక పలకలున్న ప్రతి జాతికీ అవి ముంగిస నుంచి కాపాడే కవచం కావు. రక్షణకే కదమ్మా అన్న పెద్దాయన మాటకు, నా మనసులో ఉన్న సిద్ధమైన జవాబుకు, అక్కడ పగులు పడింది.

కాపాడకపోతే మరి అవి ఎందుకు? 2017లో ఇంకో పని జరిగింది. రెండు బల్లులను తీసుకున్నారు. ఒకటి మన ఆర్మడిల్లో బల్లి. రెండోది స్మాగ్ జైగాంటియస్, గడ్డి మైదానాల్లో బొరియ తవ్వుకొని ఉంటుంది. పొద్దుకు ఎదురుగా తలెత్తి కూర్చుంటుంది కాబట్టి దాన్ని సూర్యుణ్ణి చూసే బల్లి అంటారు. ఈ రెండింటి ఎముక పలకలను మైక్రో సీటీ స్కాన్ తీశారు. మనకు ఆసుపత్రిలో తీసే సీటీ స్కానే, కాకపోతే వెంట్రుకలో వంతు కూడా కనిపించేంత సూక్ష్మంగా. సూర్యుణ్ణి చూసే బల్లి పలక లోపల రక్తనాళాల దారులు ఎక్కువ. ఎండ వేడిని పట్టి ఒంట్లోకి పంపడానికి అవి పనికొస్తాయి. కానీ లోపల దారులు ఎక్కువైతే పలక బలం తగ్గుతుంది. ఆర్మడిల్లో బల్లి పలకలో దారులు తక్కువ, బలం ఎక్కువ. బయటికి రెండూ కవచమే. లోపల ఒకటి గోడ, ఇంకొకటి గోడలో కిటికీలు పెట్టుకున్న ఇల్లు.

ఆడ అలిగేటర్ గుడ్డు పెంకు తయారీకి తన వీపు పలకల్లోని కాల్షియం వాడుకుంటుందని కూడా పరిశోధకులు చూపించారు. కవచం అని పేరు పెట్టింది మనం. ఆ ప్రాణికి అది కవచమో, పొయ్యో, సున్నం దాచుకున్న గాదెనో వెతికి చూస్తేగాని తెలియదు. నేను చేస్తున్న పని ఆ వెతుకులాటే.

ఇప్పుడు మన ఓరుగల్లుకు వద్దాం. ఓరుగల్లు అంటేనే ఒంటి రాయి, ఏకశిల. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట, కోటలోని ఒంటి కొండ, ఊళ్లలోకి పోతే పేరు లేని గుట్టలు ఎన్నో. వాటి మీద బండల తొండ ఉంటుంది, శామోఫిలస్ ప్రజాతి. మీరంతా చూసే ఉంటారు, చూసినట్టు గుర్తుండదు. జత కట్టే కాలంలో మగదానికి ఎరుపు, నలుపు రంగులు వస్తాయి. మిగతా రోజుల్లో బండ రంగులో కలిసిపోతుంది.

నా పద్ధతి చాలా మామూలుది. పొద్దున ఎండ బండకు తగిలేసరికి గుట్ట ఎక్కుతా. తొండ కనిపిస్తే దాని దిక్కు ఒకే వేగంతో నడుస్తా. అది ముందు తల ఎత్తుతుంది. ముందు కాళ్ల మీద ఒళ్లు ఒకటి రెండుసార్లు పైకీ కిందికీ లేపుతుంది. నేను ఆగను. ఒక క్షణంలో అది ఉరుకుతుంది. అప్పుడు నేనున్న చోట ఒక గులకరాయి పెడతా, అది కూర్చున్న చోట ఇంకొకటి, అది దూరిన నెర్రె దగ్గర మూడోది. మూడు రాళ్ల మధ్య టేపు పట్టి కొలుస్తా. తోలులో ఎముక లేని ప్రాణికి ప్రాణం నిలిచేది ఆ దూరాల లెక్క మీదనే. నేనెంత దగ్గరికి వస్తే ఉరకాలి, ఇల్లు ఎంత దూరంలో ఉంది అని ప్రతి క్షణం అది లెక్క చూసుకుంటుంది. చదునైన ఒళ్లు, వేగం, దగ్గర్లో నెర్రె. అక్కడెక్కడో ఆఫ్రికా రాతి గుట్టల మీద ప్లాటిసారస్ పట్టుకున్న దారినే, దగ్గరి చుట్టరికం లేని మన తొండ ఇక్కడి బండ మీద పట్టుకుంది. గుట్ట దిగి కింద చెట్ల ఆకుల్లో వెతికితే నలికండ్ల పాము. దానికి బండ లేదు, నెర్రె లేదు. ఎండుటాకులు, మట్టి, ఒంటి మీద ఎముకల చొక్కా. రెండు ఇండ్లు, రెండు ఒళ్లు, నడుమ నూరు అడుగుల దూరం. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూడటమే నా అంశం.

ఈ ప్రాంతానికి బల్లుల చరిత్రలో పేరు కూడా ఉంది. ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన దగ్గరి కోటా శిలల్లో దొరికిన చిన్న చిన్న దవడ ముక్కలకు 2002లో భారతగామ రెబ్బనెన్సిస్ అని పేరు పెట్టారు. జురాసిక్ కాలం నాటివి. డైనోసార్ అంటే పిల్లలు ఎగబడతారు. అదే రాళ్లలో గోరంత దవడల కోసం మట్టి జల్లించిన మనుషులు నాకు ఇంకా గొప్పగా కనిపిస్తారు.

ఒక బాధ కూడా మీతో చెప్పుకోవాలి. కరీంనగర్ దిక్కు ఒక గుట్ట మీద నేను మూడు నెలలు కొలతలు తీసుకున్నా. ఏ నెర్రెలో ఏ మగ తొండ ఉంటుందో నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నా. నాలుగో నెల పోయేసరికి ఆ దిక్కు బండ లేదు. తొలిచిన గోడ, దుమ్ము, లారీ టైర్ల అచ్చులు. గ్రానైట్ మనకు బతుకుదెరువు ఇస్తుంది, నాకు తెలుసు, మా మేనమామ ఆ లారీలు నడిపి పిల్లల్ని చదివించాడు. కానీ నెర్రె అనేది మళ్లీ నాటితే మొలిచే చెట్టు కాదు. ఎండా వానా యుగాల తరబడి పని చేస్తేగాని బండ పగలదు. గుట్టను తీసుకునే ముందు దాని మీద ఏమేం బతుకుతున్నాయో ఒక్కసారి ఎక్కి చూసి రాసిపెట్టమని అడుగుతున్నా. అక్కడ దక్షిణాఫ్రికాలో ఆర్మడిల్లో బల్లికి వేరే తిప్పలు. పెంపుడు జంతువుల వ్యాపారానికి వాటిని పట్టి అమ్ముతారు. గుంపుగా ఒకే నెర్రెలో ఉంటాయి కాబట్టి ఒక్కచోటే కుటుంబం మొత్తం దొరికిపోతుంది. ఆడది గుడ్లు పెట్టదు, మామూలుగా ఒకేసారి ఒక్క పిల్లనే కంటుంది. ఖాళీ అయిన నెర్రె మళ్లీ నిండటానికి ఎన్నేండ్లు పడుతుందో మీరే అనుకోండి. ముంగిస పంటికి ఆగిన తోలు మనిషి చేతికి ఆగదు.

పరిశోధనలోకి రావాలనుకునే పిల్లలకు రెండు మాటలు. అనుమతి లేకుండా ఏ ప్రాణినీ పట్టొద్దు, చంపొద్దు. చూడటానికి, కొలవడానికి, రాసుకోవడానికి మాత్రం పీహెచ్‌డీ అక్కర్లేదు. తొలకరికి ఉసిళ్లు లేచిన పొద్దున మీ వాకిట్లో నలికండ్ల పాము వస్తే, ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత దూరం పోయింది, ఎక్కడ దూరింది అని రాసుకోండి. దాని తిండి దారి అదే.

మా బాపమ్మ ఇప్పుడు లేదు. పోవడానికి ముందు ఏడు, రంగు పట్టించిన ఆ తోలు ముక్కను సీసాలో పెట్టి ఊరికి తీసుకుపోయి చూపించా. కిటికీ దగ్గరికి జరిగి, వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "ఇంత పనితనం ఉందా దీని ఒంట్లో" అన్నది. తర్వాత సీసాను చీర కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

ఆ సీసా ఇదే. బయట బల్ల మీద పెడుతున్నా, పక్కన భూతద్దం ఉంది. ముందు వరుసలో చిన్నపిల్లలు ఉన్నారు, వాళ్లను ముందు రానివ్వండి. సీసాను కదపొద్దు, కిటికీ దిక్కు తిప్పి చూడండి, ఎరుపు బాగా కనిపిస్తుంది.